నీళ్ళు కలవని చూపు

మొన్న ఆదివారం మా మేడ మీద ఫోటోల గొడవ జరిగింది. గొడవ అంటే కొట్లాట కాదు లెండి. మా మనవరాలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కలిసి సినిమావాళ్ళలాగా ఫోటోలు దిగడం ఇప్పుడు లగ్నపత్రిక రాయించుకోవడమంత తప్పనిసరి అయిందని మీకూ తెలిసే ఉంటుంది. పొద్దున పురానాపూల్ మీద కూరగాయల బండ్ల మధ్య దిగి, అక్కడ సొరకాయలు అడ్డం వస్తున్నాయని లేచి, చివరికి పాత గోడలు బాగుంటాయంటూ మొఘల్‌పురాలో మా మేడ ఎక్కారు. ఫోటోలు తీసే అబ్బాయికి ఒకటే దిగులు. పిల్ల బాగుంది, పిల్లవాడు బాగున్నాడు, ఎండ కూడా అతను చెప్పిన చోటనే పడుతోంది, కానీ ఇద్దరి మధ్య కెమిస్ట్రీ రావడం లేదట. చివరికి తన ఫోన్ తీసి ఒక నలుపు తెలుపు సినిమా ముక్క చూపించి, కెమిస్ట్రీ అంటే ఇట్లా ఉండాలని వాళ్ళకు పాఠం మొదలుపెట్టాడు. పుదీనా వేసిన పాత రేకు బిందె పక్కన కుర్చీలో కూర్చున్న నేను ముందుకు వంగి చూద్దును కదా, మా జోడీ! బావి దగ్గర ఆమె బిందె వంచి నీళ్ళు పోస్తోంది, ఆయన దోసిలి పట్టి తాగుతున్నాడు. నీళ్ళన్నీ మోచేతుల మీదుగా నేలపాలవుతున్నాయి గాని ఆయన చూపు మాత్రం ఆమె మొహం విడిచి రావడం లేదు.

నా ఈడువాళ్ళకు ఆ జోడీ పేర్లు చెప్పాల్సిన పని లేదు. అప్పట్లో మేము కెమిస్ట్రీ అనేవాళ్ళం కాదు, అది బడిలో గాజుగొట్టాలు పగలగొట్టి చీవాట్లు తినే పాఠం. జోడీ అనేవాళ్ళం, అంతే. ఆ ఒక్క మాటలో అన్నీ వచ్చేవి.

నా పుట్టిల్లు పురానాపూల్ దగ్గర. ఇంటి వెనక కొట్టంలో బర్రెలు, ముందు వాకిట్లో పీట వేసుకొని పాలు కొలిచే మా బాపమ్మ, అంటే మా నాయనను కన్నతల్లి. ఇంట్లో మగవాళ్ళు ఎందరున్నా పెత్తనం ఆమెదే. పండుగకో పబ్బానికో ఆమె ముందు నడిస్తే ఆడపటాలమంతా వెంట టాకీసుకు వెళ్ళేవాళ్ళం. ఆ టాకీసులో ఆడవాళ్ళకు జనానా అని వెనకవైపు వేరే తరగతి ఉండేది, దాని ముందు నిలువెత్తు పర్దా. దీపాలు ఆరాక పర్దా పక్కకు జరిగేది, దీపాలు వెలిగేలోపు మళ్ళీ మూసుకునేది. ఆ పర్దా లాగే ముసలామెకు సినిమా పిచ్చి ఎక్కువ. కథలో మునిగిపోయి తాడు సంగతి మరిచిపోయేది. దీపాలు ముందు వెలిగి పర్దా తర్వాత కదిలేసరికి జనానాలో కొంగులు వెతుక్కునేవాళ్ళు, నఖాబులు దించుకునేవాళ్ళు, ఉలిక్కిపడి లేచిన చంటిపిల్లలు, అదొక పెద్ద లొల్లి. ఇక భార్యాభర్తలైతే ఒకే రిక్షాలో వచ్చి టాకీసు వాకిట్లో విడిపోయి, పర్దాకు ఆమె ఇటూ ఆయన అటూ కూర్చొని ప్రేమ సన్నివేశాలన్నీ చూసి, ఆట వదిలాక మళ్ళీ వాకిట్లో కలుసుకొని ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయేవాళ్ళు.

బాపమ్మ దృష్టిలో ఆ జోడీ నిజంగా మొగుడూ పెళ్ళాలే. అగ్నిసాక్షిగా పెళ్ళయిందని, ఇద్దరు పిల్లలు కూడా ఉండి ఉంటారని, వాళ్ళింట్లో పాలు ఎవరు పోస్తారో గాని అదృష్టవంతులని అనేది. ఆయనకు వేరే భార్య, ఆమెకు వేరే భర్త ఉన్నారన్న సంగతి మా ఇంట్లో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ మాట గడప లోపల ఎత్తకూడదని మా నాయన అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. ఒకసారి ఆ హీరోగారు పక్కన ఎవరో కొత్త పిల్లతో కనబడ్డ సినిమాకు తెలియక వెళ్ళాం. మొదటి పాట మొదలు కాగానే బాపమ్మ లేచి, ఇంట్లో బంగారంలాంటి పెళ్ళాన్ని పెట్టుకొని ఇదేం బుద్ధి అని తెర వైపు చేయి చూపి అడిగి, మమ్మల్నందరినీ లేపుకొని బయటికి నడిచింది. ఆ వారమంతా టాకీసు క్యాంటీనుకు మా ఇంటి పాలు వెళ్ళలేదు. క్యాంటీనతను వచ్చి తనకూ ఆ హీరోకూ ఏ చుట్టరికమూ లేదని బతిమాలుకుంటే గాని ఆమె మెత్తబడలేదు.

అంత అమాయకురాలు గదా అని తీసిపారేయడానికీ వీల్లేదు. తెర మీద జంట ఎంత అతుక్కొని పాడినా బాపమ్మ పెదవి విరిచేది. చేతులు ఎక్కడున్నాయన్నది ఆమె చూసేది కాదు, కళ్ళు ఎక్కడున్నాయో చూసేది. పాలల్ల నీళ్ళు కలిస్తే నాకు తెల్వదా, చూపు గూడ గంతే అనేది. ఆ లెక్కన ఎన్నో పెద్ద జంటలు ఆమె కొలతకు ఆగలేదు, మా జోడీ ఒక్కటే చిక్కటి పాలు.

నాకు పెళ్ళిచూపులు జరిగినప్పుడు కూడా ఆమె అదే కొలత పట్టుకొని తలుపు పక్కన నిలబడింది. అబ్బాయివాళ్ళకు బేగంబజార్‌లో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. తండ్రి పక్కన కూర్చున్న ఆయన చేతికి నేను పాలగ్లాసు ఇస్తే, తల ఎత్తకుండా అందుకొని, గోటితో ఆ గ్లాసును టంగుమని ఒకసారి కొట్టి, ఆ మోత చెవిలో పూర్తిగా ఆగిపోయేదాకా విని, అప్పుడు తాగారు. అది వాళ్ళ వృత్తి అలవాటు. ఏ గిన్నె చేతికొచ్చినా కొట్టి, మోతను బట్టి లోహం మంచిచెడ్డలు తేల్చుకోనిదే వాళ్ళకు తోచదు. సంబంధం ఖాయమై తాంబూలాలు మార్చుకున్న తర్వాత, అబ్బాయి నిన్ను చూశాడా అని బాపమ్మ నన్ను చాటుగా అడిగింది. గ్లాసును చూశాడని చెప్పాను. ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు.

మొఘల్‌పురాలో కాపురానికి వచ్చాక నా పరిస్థితి మరీ అన్యాయం. పెద్దవాళ్ళ ముందు భార్యాభర్తలు నేరుగా మాట్లాడుకోకపోవడం ఆ ఇంటి పద్ధతి. మా వారికి నీళ్ళు కావాలంటే కుండ వైపు చూసి దాహమయింది అనేవారు, అన్నం కావాలంటే గంజును చూసి ఆకలయింది అనేవారు. కుండకూ గంజుకూ దక్కిన చూపులు నాకు దక్కేవి కావు. పెద్దవాళ్ళు లేనప్పుడైనా అలవాటు ఎక్కడికి పోతుంది? మంచివారే, గట్టిగా ఒక మాట అనలేదు, దుకాణం నుంచి వస్తూ కొంగున కట్టుకునేటంత మల్లెపూలు తెచ్చేవారు. తెచ్చి వాటిని కూడా ఒక ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పళ్ళేన్ని నా వైపు జరిపి, పళ్ళేన్నే చూస్తూ నిలబడేవారు. ఆయనకు నేనంటే ఇష్టమో, ఇంట్లోకి కొత్తగా వచ్చిన సామానులో నేనూ ఒకదాన్నో తెలియక లోలోపల కుమిలిపోయేదాన్ని. పక్కింటి ముస్లిం అక్క, మేము ఆపా అనేవాళ్ళం, ఆమె ఒక్కతెకే ఆ సంగతి చెప్పుకున్నాను. జనానాలో మా జోడీ సినిమా చూస్తూ, అందులో ఆయన ఆమెను చూసినట్టు జీవితంలో ఒక్కసారి నన్నెవరైనా చూస్తే చాలని నేను ఏడిస్తే, ఆపా తన దుపట్టాతోనే నా ముక్కు తుడిచింది.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళాలి, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. వెళ్ళిన పూటనే నా తలకు నూనె పెడుతూ బాపమ్మ అడిగింది.

"నిన్ను చూస్తుండా బిడ్డా?"

నేను తల వంచుకున్నాను. ఆమె నూనె చేయి నా తల మీద అట్లాగే ఆగిపోయింది. ఆ తర్వాత మా నాయననూ అమ్మనూ పిలిచి తీర్పు చెప్పింది.

"చూపు నా కండ్లకు కనవడితెనే పిల్లను తోలుత. లేకుంటే మొఘల్‌పురా గల్లీల నిలవడి నేనే అడుగుత."

మా నాయన గడగడలాడారు. బాపమ్మ గల్లీలో నిలబడి అడిగితే ఎట్లా ఉంటుందో ఆ హీరోగారిని అడిగినప్పుడే అందరమూ చూశాం. పోనీ చూపిద్దామంటే అల్లుణ్ణి ఇంటికి పిలవడానికి ఆషాఢం అడ్డం. ఈ చిక్కుముడిని నన్ను చూడడానికి వచ్చిన ఆపా విప్పింది. మొఘల్‌పురాలో మా గల్లీ మొదట్లో వాళ్ళ చాచాకు, అంటే చిన్నాన్నకు, ఫోటో స్టూడియో ఉండేది. కొత్త దంపతులు అక్కడికి వెళ్ళి సినిమాల్లో తమకు నచ్చిన జోడీ నిలబడ్డట్టు నిలబడి ఫోటో దిగడం అప్పటి మోజు. ఆషాఢం నిషేధం అత్తగారి గడపకే గాని స్టూడియో గడపకు వర్తించదని బాపమ్మే ధర్మశాస్త్రం చెప్పి, బావి దగ్గర నీళ్ళు పోసే ఆ ఘట్టమే కావాలని, ఇంకేదీ పనికిరాదని కబురు పంపింది. గోడకు తగిలించుకోవడానికి కొడుకూ కోడలి ఫోటో వస్తుందని మా అత్తమ్మ సంతోషంగా ఒప్పుకుంది. అసలు సంగతి ఆమెకు తెలియదు.

ఆపా రిక్షాలో వచ్చి నన్ను తీసుకెళ్ళింది. స్టూడియోలో వెనక గోడ మీద రంగులు వేసిన చెరువు, చెరువులో హంస, పట్టపగలే నిండు చంద్రుడు. ముందు అట్టతో చేసిన బావి. బావి గట్టు మీద ధగధగ మెరిసే బిందె. మా వారు దుకాణం నుంచి నేరుగా వచ్చి, జేబులో చేతులు పెట్టుకొని, తీసుకొని, మళ్ళీ పెట్టుకొని నిలబడ్డారు. ఈ ఫోటో చెడితే బాపమ్మ నన్ను పంపదు. పంపకపోతే అది ఊరంతా తెలుస్తుంది. అన్నిటికంటే మించి, ఆయనకు నేను అక్కర్లేదన్న సంగతి కాగితం మీద అచ్చయి చేతికొస్తుంది.

చాచా నల్లగుడ్డలో తల దూర్చడం, మా వారు కెమెరా వైపు గుడ్లప్పగించి చూడడం, చాచా తల బయటికి తీయడం, ఇదే చాలాసేపు నడిచింది. చివరికి ఆ పెద్దమనిషి ఓపిక నశించింది.

"దామాద్ మియా, కెమెరా కూ నక్కో దేఖో, దుల్హన్ కూ దేఖో."

కెమెరాను కాదు, పెళ్ళికూతురిని చూడమనేసరికి మా వారు చెవుల దాకా ఎర్రబడ్డారు. దోసిలి పట్టి వంగారు. చాచా చెప్పినట్టు నేను బిందె వంచి, సిగ్గుపడుతున్నట్టు తల బాగా దించి, దాని మూతి మీదికి వాలాను. సిగ్గుపడుతున్నట్టు ఏమిటి, నిజంగానే చచ్చేంత సిగ్గు. అప్పుడు ఆయన దోసిలి విడిచి, గోటితో ఆ బిందెను ఒకసారి కొట్టారు. మోత విన్నారు. ఎందుకో పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. మళ్ళీ దోసిలి పట్టి, బిందె భుజం మీద చూపు నిలిపి అట్లాగే ఉండిపోయారు. నేను కనురెప్పల సందు నుంచి చూస్తూనే ఉన్నాను, ఆ చూపు బిందె మీది నుంచి కదలలేదు. గుడ్డలోంచి చాచా మాషాల్లా అన్నాడు, కదలొద్దన్నాడు, చిటుక్కుమంది. నాకు మాత్రం ఆ బిందెను అట్టబావిలో పారేసి పోవాలనిపించింది.

ఫోటో వచ్చింది. బాపమ్మ దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకొని, పాలల్లో వేలు ముంచి చూసేటప్పటి మొహం పెట్టి చాలాసేపు చూసింది.

"గీ చూపుల నీళ్ళు కలవలే. పిల్లను తోలుండ్రి."

చూడబోతే కాగితం మీద ఆయన చూపు నా వైపే ఉన్నట్టుంది. ఎంత ఆరాటం, ఎంత మురిపెం! అదంతా బిందె సొమ్మని నాకొక్కదానికే తెలుసు. చాచా ఆ ఫోటోను పెద్దది చేసి స్టూడియో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. గల్లీలో కొత్తగా పెళ్ళయినవాళ్ళంతా వచ్చి అట్లాంటిదే కావాలనేవాళ్ళు. మా అత్తమ్మ కూరగాయలకు వెళ్ళినా ఆ దారినే వెళ్ళేది.

శ్రావణంలో నేను మొఘల్‌పురాకు తిరిగొచ్చిన కొత్తలోనే మా వారు ఆ బిందెను ఇంటికి పట్టుకొచ్చారు. దుకాణంలోంచి అచ్చమైన ఇత్తడి బిందె ఒకటి చాచాకు ఇచ్చి, బదులుగా దాన్ని తెచ్చుకున్నారట. నా అనుమానానికి ఇంతకంటే రుజువేం కావాలి? కసిగా చింతపండు, బూడిద తీసుకొని తోమడానికి కూర్చున్నాను. రెండు చేతులా రుద్దేసరికి మెరుపంతా చేతికొచ్చి, లోపలి నుంచి తెల్లటి రేకు బయటపడింది. ఫోటోల కోసం చాచా రేకు మీద ఇత్తడి రంగు పూయించి పెట్టుకున్న బొమ్మ బిందె అది. మా మామయ్య దాన్ని చూసి తల పట్టుకొని కూర్చున్నారు. చీకట్లో కూడా ఇత్తడేదో రాగేదో చెప్పగలిగిన వంశంలో పుట్టినవాడు ఫోటోగ్రాఫరు చేతిలో మోసపోయాడని తెలిస్తే బేగంబజార్‌లో తలెత్తుకు తిరగలేమని, ఈ మాట గడప దాటకూడదని హెచ్చరించారు. అది సాయంత్రానికల్లా మూసీ దాటి బేగంబజార్ చేరింది. ఇత్తడి ఇచ్చి రేకు తెచ్చుకున్నోడు అని మా వారికి పేరు పడిపోయింది. ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు, ధోకా అయింది అని నవ్వేసేవారు. నేను కూడా పోట్లాట వచ్చినప్పుడల్లా ఆ బిందెను తెచ్చి ముందు పెట్టేదాన్ని.

పిల్లలు పుట్టారు, పెరిగారు. బాపమ్మ తన జోడీ నిజమైన మొగుడూ పెళ్ళాలేనన్న నమ్మకంతోనే హాయిగా వెళ్ళిపోయింది. ఇత్తడి రోజులు పోయి స్టీలు వచ్చింది. కొన్నాళ్ళకు ఆ టాకీసును పడగొట్టి దుకాణాలు కడతారని తెలిసింది. పడగొట్టే ముందు చివరి వారం మా జోడీ పాత సినిమానే మళ్ళీ వేశారు. పగటి ఆటకు వెళ్దామా అని మా వారే అడిగారు, అడిగింది నన్నో తలుపునో చెప్పలేను గాని. వెళ్ళాం. అప్పటికి పర్దా ఎప్పుడో పోయింది, జనానా లేదు. సీట్లలోంచి స్ప్రింగులు పొడుచుకొస్తుంటే, కాపురం మొదలైన ఇన్నేళ్ళకు ఆ సినిమాను మొదటిసారి పక్కపక్కన కూర్చొని చూశాం.

బావి ఘట్టం వచ్చింది. ఆమె బిందె వంచింది, ఆయన దోసిలి పట్టాడు. మా వారు గొంతు సవరించుకున్నారు.

"గది రేకని నాకప్పుడే ఎరుక. గోరుతోని కొట్టంగనే తెల్సింది."

తెలిసి ఎందుకు తెచ్చారని అడిగాను. ఆయన తెరనే చూస్తూ చెప్పారు.

"నువ్వు వంగినప్పుడు దాంట్ల నీ మొగం కనవడ్డది. తలెత్తి చూద్దమంటే ఆపా ఉండె, చాచా ఉండె. బిందెను చూస్తే ఎవలేమంటరు?"

ఊరంతా నవ్వుతున్నా, నేనే ఎత్తిపొడుస్తున్నా ఇన్నేళ్ళు ఈ ముక్క ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే తోమి పారేస్తివి గద. ఇగ చూపియ్యనీకి ఏమున్నది?" అన్నారు. కొంచెం ఆగి, "ముక్కు మాత్రం గుత్తొంకాయంత కనవడ్డది" అన్నారు.

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. వెనక వరుసలోంచి ఎవరో కుర్రవాడు, సినిమా చూడనివ్వండి పెద్దమ్మా అని విసుక్కున్నాడు. ఆ తర్వాత కథ ఏమయిందో నేను చూడలేదు. బాపమ్మ కొలత తప్పలేదన్న ఒక్క మాటే తల నిండా తిరిగింది.

మొన్న మేడ మీద ఇదంతా గుర్తుకొచ్చి కూర్చుని ఉంటే, ఫోటోలకు అడ్డమని ఆ అబ్బాయి పుదీనా బిందెను పక్కకు లాగబోయాడు. అంతవరకూ కునుకు తీస్తున్న మా వారు చటుక్కున లేచి, మట్టితో సహా దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. అందరూ నవ్వారు. ఆ అబ్బాయికి సరదా పుట్టి, తాతగారిదీ బామ్మగారిదీ కూడా ఒకటి తీస్తానని కెమెరా మా వైపు తిప్పి, ఒకరినొకరు చూసుకోండి అన్నాడు. మా వారు అలవాటు కొద్దీ బిందెను చూశారు. ఇటు కాదు సార్ అని వాడు ఎన్నిసార్లు చెప్పినా చూపు కదల్లేదు. అందులో ఇప్పుడు కనబడేదేమీ లేదు, సొట్టలు, తుప్పు, రెండు పుదీనా రెమ్మలు. నేను కూడా ఆయనను చూడకుండా బిందెనే చూశాను.

ఇప్పటి పిల్లలకు పర్దాలు లేవు, ఆషాఢాలు లేవు. కళ్ళలో కళ్ళు పెట్టి ఎంతసేపైనా చూసుకోవచ్చు, ఎవరూ ఏమనరు. మంచిదే, మేము పడ్డ అవస్థ వాళ్ళు పడాలని నేననను. అయితే చూడ్డానికి ఇంత వీలున్నచోట, ఆ చూపే రావడం లేదని ఎవరో దిగులు పడాల్సి రావడం ఏమిటో నాకు అర్థం కాదు. సాయంత్రం మనవరాలు వచ్చి, మా ఇద్దరి ఫోటోలో కెమిస్ట్రీ రాలేదని ఆ అబ్బాయి తీసేశాడని చెప్పింది. తీసేస్తే తీసేశాడు. దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి, నీళ్ళు కలిశాయో లేదో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు మా ఇంట్లో లేదు.